యువరాజును కరిచిన ఆవు

మా వై.ఎన్.హొసకోటలో ఒన్నూరప్ప చేయని పని ఏదైనా ఉందంటే అది గమ్మున కూర్చోవడం ఒక్కటే. గొర్రెలు కాశాడు, బస్సులకు జనాన్ని పిలిచాడు, సంతలో పళ్ళపొడి అమ్మాడు, జీపులో మైకు పట్టుకుని పోలియో చుక్కల గురించి అరిచాడు, పెళ్ళిళ్ళలో ఒక్కడే నిలబడి రెండేసి గంటలు నవ్వించాడు. ఆఖరికి బెంగళూరు వాళ్ళు తీసిన ఒక కన్నడ సినిమాలో వాచ్‌మన్‌గా గేటు కూడా తీశాడు. ఆ గేటు తీసే ముక్క చూడటానికి ఊరంతా ట్రాక్టర్లెక్కి పావగడ టాకీసుకు పోయింది. గేటు తీయడం అయిపోగానే అందరూ లేచి వచ్చేశారు. ఆ సినిమాలో హీరో ఎవరో మా వాళ్ళకు ఈరోజుకీ తెలియదు.

ఇవన్నీ ఎవర్నడిగినా చెప్తారు. నేను చెప్పదలచుకున్నది వేరే. నా పేరు తిమ్మన్న, ప్రైమరీ స్కూలు మేష్టర్ని, ఇప్పుడు రిటైరయ్యాను. ముప్ఫై ఏళ్ళు మా ఊళ్ళో ఏ నాటకం ఆడినా పక్కతెర వెనక పుస్తకం పట్టుకుని మాట అందించింది నేనే. నాకు కోపం ఎక్కువని ఊళ్ళో అంటారు. ముప్ఫై ఏళ్ళు తప్పులు పలికేవాళ్ళకు మాటలు అందించి చూడండి, మీకూ వస్తుంది.

అతని అసలు పేరు హొన్నూరప్ప. రేషను కార్డులో అలాగే ఉంది. కానీ మాది కర్ణాటకే అయినా మా ఇళ్ళలో మాట తెలుగు. ఆఫీసులో, బడిలో, నాటకంలో కన్నడం. కన్నడానికి ప్రాణం లాంటి 'హ' మా వాళ్ళ నోట్లో నిలవదు. డబ్బును హణ అంటారు, అది అణ అవుతుంది, పల్లెను హళ్ళి అంటారు, అది అళ్ళి అవుతుంది, హొన్నూరప్ప ఒన్నూరప్ప అయిపోయాడు. పిల్లల చేత హ పలికించడానికి నేను ఎన్ని బెత్తాలు అరగదీశానో నాకే తెలుసు. బళ్ళో పలుకుతారు, ఇంటికి పోయి అమ్మతో నాలుగు మాటలు మాట్లాడేసరికి మళ్ళీ జారవిడుచుకుంటారు.

ఎనభై మూడులో మా ఊరి జాతరకు ఒక రాజుల నాటకం వేశాం. నేర్పించింది హార్మోనియం ఆంజనప్ప. ఆయన కంటి ఎరుపు చూస్తేనే వేషగాళ్ళు మాట మరిచిపోయేవారు. అందులో ఒక సేవకుడి వేషం ఉంది, ఒకే ఒక్క మాట. ఆ వేషం కట్టాల్సినవాడు కరువుకు తట్టుకోలేక కూలి వెతుక్కుంటూ బళ్ళారి వైపు పోయాడు. ఇంక ఎవరూ దొరక్క, రిహార్సళ్ళు చూడటానికి రోజూ వచ్చి కూర్చునే ఒన్నూరప్పను నిలబెట్టాం. అప్పటికి అతనికి పాతికేళ్ళుంటాయి. తాతల కాలం నుంచి గొర్రెల మంద, అది ఆ కరువులో సగమైపోయింది.

తోటలో యువరాజును పాము కరుస్తుంది. సేవకుడు పరుగెత్తుకుంటూ వచ్చి రాజుకు ఆ సంగతి చెప్పాలి. కన్నడంలో పామును హావు అంటారు. "యువరాజరిగె హావు కచ్చితు" అనాలి, అంతే. పదిహేను రోజులు ఆ ఒక్క ముక్క చెప్పించాను. "హ, ఒన్నూరప్పా, హ! కడుపులోంచి గాలి రానీ" అని నేను అంటే, "వస్తాది మేష్ట్రా, వస్తాది, ఆ దినానికి వస్తాది" అనేవాడు.

ఆ దినం వచ్చింది, గాలి రాలేదు. పెట్రోమాక్స్ లైట్ల కింద రాజు, రాణి సింహాసనాల మీద కూర్చుని ఉన్నారు. ఒన్నూరప్ప పరుగెత్తుకొచ్చి మోకాళ్ళ మీద పడి గుండెలు బాదుకుంటూ అరిచాడు: "యువరాజరిగె ఆవు కచ్చితు!"

యువరాజును ఆవు కరిచిందట. జనంలోంచి ఎవరో ముసలాయన నింపాదిగా అడిగాడు: "యాడి ఆవప్పా అది, కొమ్ములుండంగా కరిసేది?" అంతే, జాతర జాతరంతా గొల్లుమంది. ఆంజనప్ప హార్మోనియం మీద చేతులు పెట్టి నా వైపు చూసిన చూపు నేను చచ్చేదాకా మరిచిపోను. తప్పు వాడిదైతే చూపు నాకెందుకో!

ఇంకొకడైతే తెర వెనక్కి పారిపోయేవాడు. ఒన్నూరప్ప తల ఎత్తి జనాన్ని చూశాడు. తర్వాత రాజు వైపు తిరిగి, చేతులు కట్టుకుని, అచ్చ తెలుగులో విన్నవించుకున్నాడు: "మూడేండ్ల నుంచి వాన ల్యాకపాయె ప్రభూ. గడ్డి ల్యాదు, చొప్ప ల్యాదు. అది మాత్రం ఏం చేస్తాది? యువరాజు పచ్చగా కనపడినాడు, కరిసింది."

రాజు కిరీటం ఊడి పడింది. రాణి పైట నోట్లో కుక్కుకుంది. పాము కరిచి చచ్చిపోయిన యువరాజును చాప మీద మోసుకొస్తే, పీనుగ పొట్ట ఎగిరెగిరి పడుతోంది నవ్వుకు. ఆ కరువులో మా వాళ్ళు అంత నవ్వడం నేను చూడలేదు. ఇళ్ళలో గింజ లేదు, బోరింగులో నీళ్ళు లేవు, అయినా కళ్ళ నీళ్ళు కారేటట్టు నవ్వారు. ఆరోజు నుంచి అతను ఆవు ఒన్నూరప్ప.

మర్నాడు అతని పెళ్ళాం తిప్పమ్మ బోరింగు దగ్గర బిందె పెట్టుకుని నిలబడి ఉంది. తిప్పమ్మ రోషం గల మనిషి. కూలికి పోయినా తల దించుకుని నడవదు. వెనక నిలబడిన బోరమ్మ, "ఏమమ్మే తిప్పమ్మా, మీ ఆవును కట్టేసినారా లేదా? నీళ్ళకాడికొచ్చి మమ్మల్ని గూడా కరిసేను!" అంది. ఆడవాళ్ళంతా కిలకిలలాడారు. తిప్పమ్మ ఖాళీ బిందె ఎత్తుకుని ఇంటికి వచ్చేసింది.

ఆ సాయంత్రం నేను వాళ్ళ గుడిసె ముందు నుంచి పోతుంటే ఒన్నూరప్ప పిలిచి కూర్చోబెట్టాడు. లోపలి నుంచి తిప్పమ్మ గొంతు వినబడింది. ఆమె అతనితోనే మాట్లాడుతోంది గాని నాకు కూడా వినబడాలనే మాట్లాడింది.

"నాతో మాట్లాడేటప్పుడు ఎంత బుద్ధిగా మాట్లాడతావప్పా నువ్వు. మా నాయన పోయినప్పుడు నువ్వు చెప్పిన మాటలకే గదా నేను మళ్ళ లేచి కూర్చునింది. ఆ మనిషిని ఊర్లో ఎవురన్నా చూసినారా? వాల్లకు నువ్వు ఆవువి. నాకి నామర్దాగా ఉండాది. ఒక్కరంటే ఒక్కరు గూడా నవ్వకుండా నువ్వు నిలబడి మాట్లాడిన దినం వస్తా నీ నాటకం చూసేకి. అంతవరకు నీ ఆట నేను చూళ్యాను."

ఒన్నూరప్ప నా వైపు చూసి నవ్వబోయాడు. నవ్వు రాలేదు. "ఇన్నారా మేష్ట్రా? ఈమె పందెం కట్టింది" అన్నాడు.

ఆ పందెం తొమ్మిదేళ్ళు నడిచింది. ఆ తొమ్మిదేళ్ళలో అతను ఎక్కని మెట్టు లేదు, ఆమె ఒక్క ఆట కూడా చూడలేదు.

మిగిలిన గొర్రెలు అమ్ముడుపోయాక బస్టాండులో ప్రైవేటు బస్సులకు జనాన్ని పిలిచే పని దొరికింది. "పావగడ, పావగడ, పావగడ!" అని అరిస్తే చాలు. ఇతను అరిచి ఊరుకోడు. ఎక్కేవాళ్ళను, దిగేవాళ్ళను, డ్రైవరును, డ్రైవరు దగ్గును అనుకరించేవాడు. జనం బస్సు ఎక్కడం మాని చుట్టూ చేరేవారు. బస్సు ఖాళీగా పోయేది. నాలుగో రోజుకే ఓనరు పంపించేశాడు. ఆ తర్వాత పళ్ళపొడి. మూడు పళ్ళు ఊడిన ముసలమ్మ వేషం వేసి అమ్మేవాడు, పొడి కొన్నవాళ్ళకన్నా వేషం చూసినవాళ్ళే ఎక్కువ.

అతనికి అసలు పేరు తెచ్చింది మాత్రం నరసక్క వాకిలి. నరసక్కకు చాలా భూమి, అంతా బుడ్డలే. మా వైపు వేరుశనగను బుడ్డలంటాం. వానలు వస్తాయనగా విత్తనానికి బుడ్డలు ఒలిపించాలి. ముప్ఫై మంది ఆడవాళ్ళు వాకిట్లో కూర్చుని చేత్తో ఒలుస్తారు. పది గింజలు చేటలో వేస్తే ఒకటి నోట్లో వేసుకుంటారు. ఆకలి కాలం, ఎవరు తప్పు పడతారు? నరసక్క పడుతుంది. ఆమె అరిచి అరిచి గొంతు పోయి, చివరికి ఒక ఉపాయం కనిపెట్టింది. నవ్వేవాళ్ళు నమలలేరు. ఒన్నూరప్పను పిలిపించి మూట మీద కూర్చోబెట్టి, "వీల్లను పొద్దుగూకేదాకా నవ్వించప్పా, నమిలేదానికి నోరు ఖాళీగా ఉండగూడదు" అని చెప్పింది.

ఆ మూట మీదనే ఒన్నూరప్ప ఒంటరి ఆట పుట్టింది. ఒక తువ్వాలు, ఒక గోనెసంచి, ఇంకేమీ లేదు. తువ్వాలు తలకు చుడితే రెడ్డి, భుజాన వేస్తే తాసిల్దారు, నడుముకు కడితే నరసక్క. జీపు దిగకుండానే కరువు చూసి పోయిన ఆఫీసరును చూపించాడు. బోరు బండి నోటితో తిప్పేవాడు. ఆ చప్పుడు విని పక్క వీధి వాళ్ళు తమ పొలంలో బోరు వేస్తున్నారనుకుని పరుగెత్తుకొచ్చారు ఒకసారి. చివర్న ఆవు వచ్చి తన గోడు చెప్పుకునేది, యువరాజును ఎందుకు కరవాల్సి వచ్చిందో.

మూడో రోజు నరసక్క లెక్క చూసుకుంది. గింజ ఒక్కటి పోలేదు. కానీ పని సగం కూడా కాలేదు. నవ్వేటప్పుడు నోరొక్కటే కాదు, చేతులు కూడా ఆగిపోతాయని ఆమెకు తట్టలేదు. "వాల్లు తినిందే మేలు గదప్పా! నువ్వు నా విత్తనం కాలాన్నే తినేస్తివి, లెయ్ ఆడ్నుంచి!" అని తరిమేసింది. మరుసటి ఏడు ఒలిచేదానికి రమ్మంటే ముప్ఫై మందీ ఒకటే మాట అన్నారు: "ఒన్నూరప్ప వస్తాడా? అట్లయితేనే వస్తాము." నరసక్క తల కొట్టుకుని మళ్ళీ పిలిపించింది. అప్పటి నుంచి అతను లేకుండా ఆ వాకిట్లో విత్తనం ఒలవలేదు. తిప్పమ్మ మాత్రం ఏటా విత్తనం ఒలిచే ఆ మూడు వారాలూ వేరే వాళ్ళ వాకిట్లో ఒలిచేది.

ఆ తర్వాత వల్లూరు, తిరుమణి, సరిహద్దు దాటి కళ్యాణదుర్గం దాకా పిలుపులే. ఒక ఎలక్షన్లో పొద్దున ఒక పార్టీ జీపులో, సాయంత్రం ఇంకో పార్టీ జీపులో మాట్లాడాడు. రెండు పార్టీల వాళ్ళూ తమవాడే అనుకున్నారు. నడిచిపోతుంటే చాలు, చూసినవాళ్ళు నవ్వు మొదలుపెట్టేవారు. నాకు ఈర్ష్య కలిగేది, దాచుకోను. ముప్ఫై ఏళ్ళు మాటలు అందించిన నన్ను చూసి ఎవరూ మొహం కూడా విప్పలేదు.

తొంభై రెండులో అందరికీ చదువు చెప్పే సాక్షరతా కార్యక్రమం మా తాలూకాకు వచ్చింది. ఊరూరా నాటకాలు ఆడి జనాన్ని రాత్రి బడికి పిలవాలి. తుమకూరు ఆఫీసర్లు నన్ను నాటకం రాయమన్నారు, కన్నడంలోనే ఉండాలన్నారు. నేను 'రెండు సీసాలు' అని రాశాను. ఒక రైతు ఇంట్లో రెండు సీసాలుంటాయి, ఒకటి బిడ్డ దగ్గు మందు, ఒకటి బుడ్డల చేలో గొంగళిపురుగుకు కొట్టే మందు. చదువు రాని తండ్రి ఏ సీసా తీశాడో తెలుసుకోలేడు. నేను రాసినవాటిలో అదొక్కటే మంచిదని ఇప్పటికీ అనుకుంటున్నాను.

ఒన్నూరప్పను డోలు కొట్టి జనాన్ని పోగుచేసే వేషానికి అనుకున్నాం. అతను వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు.

"తండ్రి వేషం నాకియ్యండి మేష్ట్రా."

"నీకా? బిడ్డ చచ్చిపోయే నాటకమయ్యా అది!"

"తెలుసు. అందుకే అడుగుతాండా."

"నిన్ను చూస్తూనే నవ్వుతారు. నా నాటకం నాశనమైపోతుంది. పోవయ్యా!"

అతను కదలలేదు. "తొమ్మిదేండ్లాయ మేష్ట్రా. నలభై ఊర్లు నవ్వినాయి. ఇంట్లో ఒక్క మనిషి చూళ్యా. ఒక్కసారి నవ్వకుండా నిలబెట్టి చూపించాల ఆమెకి. మీరు గాక నాకింగెవురిస్తారు?" అన్నాడు. నా కోపం యాడికి పోయిందో పోయింది. సరేనన్నాను.

మొదటి ఆట మా ఊరి బడి ఆవరణలోనే, పట్టపగలు. తిప్పమ్మ నీళ్ళకు పోతున్నట్టు బిందె చంకన పెట్టుకుని కాంపౌండు గోడ అవతల నిలబడింది. ఒన్నూరప్ప పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు ఆడాడు. నవ్వించే ఒక్క చేష్ట చేయలేదు. అయినా జనం ముసిముసిగా నవ్వుతూనే ఉన్నారు, ఇప్పుడు చేస్తాడు, ఇంకాసేపట్లో చేస్తాడు అని. బిడ్డ అని చుట్టిన గుడ్డల మూటను ఒళ్ళో పెట్టుకుని, "నన్న మగు హోయ్తు" అనాలి, నా బిడ్డ పోయిందని. "నన్న మగు ఓయ్తు" అన్నాడు. వెనక నుంచి ఒకడు, "ఆవు కరిసిందా ఒన్నూరప్పా?" అని కేకేశాడు. బడి కప్పు ఎగిరిపోయేటట్టు నవ్వారు. నేను పుస్తకం నేలకేసి కొట్టాను. గోడ అవతల చూస్తే తిప్పమ్మ లేదు.

అందరూ పోయాక ఒన్నూరప్ప ఆ గుడ్డల మూట పక్కన పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు. నేను జనాన్ని నోటికొచ్చినట్టు తిట్టాను, రసికత లేని మొద్దులని. అతను తల అడ్డంగా ఊపాడు.

"వాల్లనెందుకు తిట్టేది మేష్ట్రా? తొమ్మిదేండ్లు నేనే నేర్పించినా నవ్వేది. ఇప్పుడు నవ్వొద్దండంటే ఎట్ల మానుకుంటారు?" గుడ్డల మూటను ఒళ్ళోకి తీసుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "నవ్వును నేను అడ్డుకుంటి. అదే తప్పు. నవ్వనియ్యాల. ముందే అంతా నవ్వించేయాల."

"నా నాటకంలో అవన్నీ కుదరవు" అని ఖండితంగా చెప్పాను. అతను "సరే మేష్ట్రా" అన్నాడు. అంత సులభంగా సరే అన్నప్పుడే నేను అనుమానించాల్సింది.

నెల తర్వాత పావగడలో కొండ కింద మైదానంలో తాలూకా సభ. మూడు వేల మందికి తక్కువ లేరు. ముందు కుర్చీల్లో తుమకూరు ఆఫీసర్లు. మా ఊరి నుంచి రెండు ట్రాక్టర్లు వచ్చాయి. ఆడవాళ్ళ వైపు బోరమ్మ పక్కన తిప్పమ్మ కూర్చుని ఉంది. రానని పొద్దున దాకా అందట. బోరమ్మే బలవంతం మీద ఎక్కించిందట. ఒన్నూరప్ప తెర సందులోంచి ఆమెను చూసి, మొహం కడుక్కుని వచ్చాడు. "ఈసారి పోతే ఇంగ మళ్ళ రాదు మేష్ట్రా" అన్నాడు. నాకు తెలుసు, మళ్ళీ రాదు.

అతను అడుగు పెట్టగానే మైదానమంతా నవ్వింది. ఆఫీసర్లు కూడా, ఏమిటో తెలియకుండానే నవ్వారు. అతను నిలబడి ఆ నవ్వును పూర్తిగా రానిచ్చాడు. తర్వాత నేను రాయని నాటకం మొదలుపెట్టాడు.

రెండు సీసాలూ ఎత్తి ఎండలో చూశాడు. వాసన చూసి ఒకదానికి తుమ్మాడు, ఇంకోదానికి దగ్గాడు. తువ్వాలు మెడకు చుట్టుకుని కాంపౌండరు అయ్యాడు. సీసా తలకిందులుగా పట్టుకుని, లేని కళ్ళజోడు సర్దుకుని, హ లేని కన్నడంలో దర్జాగా చదివాడు: పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, రాత్రికి మనిషి మిగిలి ఉంటే ఒకటి. ఆఫీసర్లు కుర్చీల్లో వెనక్కి వాలిపోయారు. నేను పక్కతెర వెనక పళ్ళు నూరుతున్నాను. పుస్తకంలో ఉన్న మాట అందిస్తే వినడు. వాడి పీక పిసికేద్దామన్నంత కోపం వచ్చింది.

ఒక సీసా మూత తీశాడు. గుడ్డల మూట బిడ్డను ఒళ్ళో పెట్టుకుని మందు తాగించాడు. మింగడం లేదని కాకిలా అరిచాడు, మేకలా అరిచాడు, నోటితో బోరు బండి తిప్పాడు. జనం పడి పడి నవ్వుతున్నారు. మందు మింగించి, బిడ్డను భుజాన వేసుకుని, వీపు మీద తట్టాడు. తట్టుతూ అటూ ఇటూ నడిచాడు. నవ్వుతూనే ఉన్నారు. ఇంకా తట్టాడు. ఏదో వస్తుందని చూస్తున్నారు. "పాపా" అన్నాడు. నలుగురైదుగురు నవ్వారు. తట్టే చెయ్యి మెల్లబడింది. "పాపా" అన్నాడు మళ్ళీ. ఈసారి ఎవరూ నవ్వలేదు.

బిడ్డను దించి మొహం చూశాడు. సీసా చూశాడు. మళ్ళీ బిడ్డ మొహం చూశాడు. నేను మాట అందించాను: "నన్న మగు హోయ్తు." పలకలేదు. ముందు వరస వాళ్ళకు వినబడేంత గట్టిగా మళ్ళీ అందించాను. నా వైపు తిరగనైనా లేదు. ఒక చేత్తో బిడ్డను అదుముకుని, ఇంకో చేత్తో సీసా పట్టుకుని స్టేజీ అంచుదాకా వచ్చి, మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తెలుగులో అడిగాడు, ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో.

"ఇది ఏ సీసానో ఎవరన్నా సదవండప్పా."

సీసా ముందుకు చాపాడు. "అన్నా, నీకి సదువొస్తాదా? నీకమ్మా? నువ్వు సదువుతావా పెద్దాయనా? ఒక్కరు చాలు. చేలో పురుక్కి కొట్టింది ఇదా, నా బిడ్డకి తాపించాల్సింది ఇదా? నాకి రాదు. ఎవరన్నా చెప్పండి."

సీసా చాచిన వైపల్లా తలలు వంగిపోయాయి. ఆ మూడు వేల మందిలో ఆ అక్షరాలు చదవగలిగినవాళ్ళు ఎంతమంది? మిగిలినవాళ్ళందరి ఇళ్ళలోనూ గూట్లో అలాంటి సీసాలు రెండేసి ఉన్నాయి. చదవగలిగిన ఆఫీసర్లు కూడా నోరు మెదపలేదు. తెలుగు రాని పెద్ద ఆఫీసరు జేబురుమాలు తీసుకున్నాడు. బోరమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కుతోంది. తెర లాగాల్సిన ఆంజనప్ప తాడు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు, ఆ ఎర్రని కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి. నేను పుస్తకం మూసేశాను. ఇంక అందించడానికి నా దగ్గర మాటేమీ లేదు. ఒక్క దగ్గు లేదు, ఒక్క గాజు చప్పుడు లేదు. ఒక్కరూ నవ్వలేదు. ఒన్నూరప్పా, గెలిచావయ్యా అని నాలో నేను అనుకున్నాను, నాకు ఏడుపు ఆగలేదు.

అప్పుడు ఆడవాళ్ళ మధ్యలోంచి తిప్పమ్మ లేచి నిలబడింది. మొహమంతా తడి. స్టేజీ వైపు కాదు, జనం వైపు తిరిగింది. చెయ్యి వెనక్కి చాపి అతన్ని చూపిస్తూ, ఆ నిశ్శబ్దంలో కొండకు తగిలేటట్టు అరిచింది:

"ఆయప్ప నా మొగుడు!"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత మూడు వేల మంది ఒక్కసారిగా నవ్వారు, ఏడుస్తూనే నవ్వారు, చప్పట్లు కొట్టారు, ఈలలు వేశారు. ఒన్నూరప్ప బిడ్డను చంకన పెట్టుకుని లేచి నిలబడి లబోదిబోమన్నాడు.

"చెడగొడితివి గదే తిప్పీ! ఇంతసేపు ఒక్కరు నవ్వల్యా, నువ్వే నవ్విస్తివి!"

తిప్పమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, తల ఎత్తి అతని వైపు చూసింది.

"నవ్వనీప్పా వాల్లను. నేను ఏడిసినా."